సరుకు సీజ్ చేస్తుంటే ఏం చేయాలి: ఒక పళ్ళ కొట్టు అనుభవం

మాది పళ్ళ కొట్టు. నేనూ మా ఆయనా కలిసి పంతొమ్మిదేళ్ళుగా నడుపుతున్నాం. వేసవిలో మామిడి, మిగతా రోజుల్లో అరటి, బత్తాయి, జామ, దానిమ్మ. మూడేళ్ళ కిందట మే నెలలో ఒక పొద్దున ఫుడ్ సేఫ్టీ వాళ్ళు మా కొట్టుకి వచ్చారు. ముందు రోజు రాత్రే దిగిన బంగినపల్లి సరుకు మొత్తం సీజ్ చేశారు. మూడో రోజు ఊరి బయట గొయ్యి తీసి పూడ్చేశారు. తొందరగా రంగు తిరగడానికి కార్బైడ్ అనే మందు పెట్టిన కాయలవి. పెట్టింది మేము కాదు, కానీ దొరికింది మా కొట్టులో.

ఆ రోజు నాకు చట్టం తెలియదు. ఏ కాగితం అడగాలో, దేని మీద సంతకం పెట్టాలో, సరుకు మీద చెయ్యి వేయొచ్చో లేదో ఏమీ తెలియదు. ఆ తర్వాత ఏడాది పాటు ఆఫీసుల చుట్టూ తిరిగి, ఒక లాయరు గారి దగ్గర కూర్చుని, చట్టం పుస్తకం తెచ్చుకుని చదివి తెలుసుకున్నాను. చిన్న కొట్టువాళ్ళకి, తోపుడు బండి వాళ్ళకి, కొత్తగా కమీషన్ వ్యాపారంలోకి వచ్చిన పిల్లలకి ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

మొదట ఒక మాట. పాడైన సరుకును, మందు పెట్టిన సరుకును కాపాడుకోవడానికి దారులు చెప్పడం లేదు. అలాంటి కాయ గొయ్యిలోకే పోవాలి. మన కొట్టు మీద నుంచి చిన్నపిల్లల చేతుల్లోకి పోతుంది అది. ఆ రోజు మనం పోట్లాడాల్సింది కాయ కోసం కాదు, కాగితం కోసం. ఎవరు వచ్చారు, ఎంత తీసుకున్నారు, ఎందుకు తీసుకున్నారు, శాంపిల్ ఎలా కట్టారు అన్నవన్నీ రాతలో ఉంటే నష్టం సరుకుతో ఆగుతుంది. రాతలో లేకపోతే అది కేసుగా మారి మన వెంట వస్తుంది.

చట్టం ఎక్కడ మొదలవుతుంది

మనవాళ్ళు ఇంకా ఫుడ్ ఇన్‌స్పెక్టర్ అనే అంటారు. అది 1954 నాటి కల్తీ నిరోధక చట్టం కాలం పేరు. ఇప్పుడున్నది 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం. 2011 ఆగస్టు 5 నుంచి అమల్లో ఉంది. దీని కింద మన దగ్గరికి వచ్చే అధికారి పేరు ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్. ఆయన పైన జిల్లాలో డెసిగ్నేటెడ్ ఆఫీసర్ ఉంటారు. ఆంధ్రలో చాలాచోట్ల అసిస్టెంట్ ఫుడ్ కంట్రోలరే ఆ బాధ్యత చూస్తారు. రాష్ట్రమంతటికీ ఒక కమిషనర్ ఉంటారు.

మా ఊళ్ళో చాలామంది నన్ను అడిగే ప్రశ్న: 'కాయ రైతు దగ్గర నుంచి వచ్చింది కదా, మమ్మల్నెందుకు పట్టుకుంటారు?' చట్టంలోనే జవాబుంది. తోటలో రైతు పండించిన పంట వరకు ఈ చట్టం వర్తించదు. అది తోట దాటి వ్యాపారంలోకి వచ్చాకే దీని పరిధిలోకి వస్తుంది. అంటే మొదట కొన్న వ్యాపారి దగ్గర నుంచి చివర అమ్మే బండి దాకా ప్రతి ఒక్కరూ బాధ్యులే. ఎవరి దగ్గర దొరికితే వాళ్ళు ముందు జవాబు చెప్పాలి.

ఇంకోటి, సీజ్ చేయడానికి ల్యాబ్ రిపోర్టు అక్కర్లేదు. నిబంధనలకు విరుద్ధంగా ఉన్నట్టు ఆ అధికారికి కనిపిస్తే చాలు, 38వ సెక్షన్ కింద సరుకు ఆపేయొచ్చు. తప్పో కాదో తేలేది తర్వాత. అందుకని 'రిపోర్టు లేకుండా ఎలా ముట్టుకుంటారు' అని వాదించి లాభం లేదు. మా ఆయన పది నిమిషాలు అదే వాదించారు. ఆ పది నిమిషాల్లో నేను ట్రేలు లెక్కపెట్టుకుని ఉండాల్సింది.

కార్బైడ్ సంగతి

మామిడి, అరటి, బొప్పాయి అమ్మేవాళ్ళకి అసలు భయం ఇదే కాబట్టి వివరంగా చెబుతాను. క్యాల్షియం కార్బైడ్ గ్యాస్ వెల్డింగ్ వాళ్ళు వాడే సరుకు. బూడిద రంగు రాయిలా ఉంటుంది. చెమ్మ తగిలితే ఎసిటిలీన్ గ్యాస్ వదులుతుంది, దాంతో కాయ పైకి పసుపు తిరుగుతుంది. లోపల మాత్రం పచ్చిగా, పుల్లగానే ఉంటుంది. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ లాంటి విషపు ఆనవాళ్ళుంటాయి. 2011 నిబంధనల ప్రకారం ఆ గ్యాస్‌తో మాగేసిన పళ్ళు అమ్మడమే కాదు, అమ్మకానికని మన ఆవరణలో ఉంచుకోవడం కూడా నేరమే. 2015లో మన ఉమ్మడి హైకోర్టు పత్రికల్లో వచ్చిన వార్తలు చూసి ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. అప్పటి నుంచి తనిఖీలు గట్టిపడ్డాయి.

మా కొట్టులో ఆ అధికారి చేసిన పని చూస్తే ఎక్కడ వెతకాలో మీకు తెలుస్తుంది. ఆయన పై వరుస కాయల్ని ముట్టుకోలేదు. ఒక ట్రే కిందికి దించి, కాయలు పక్కన పెట్టించి, అడుగున పరిచిన పేపరు ఎత్తారు. పేపరు కింద వేలెడంత పొట్లం ఉంది. దినపత్రిక ముక్కలో చుట్టి దారం కట్టి ఉంది. విప్పితే బూడిద కలిసిన సున్నంలాంటి పొడి. గ్యాస్ అంతా పోయాక కార్బైడ్ అలా సున్నమైపోతుంది. ముక్కు దగ్గరికి తీసుకోకముందే వెల్లుల్లిలాంటి ఘాటు కొట్టింది. పంతొమ్మిదేళ్ళ వ్యాపారంలో ఆ వాసన నాకు కొత్త కాదు. వెల్డింగ్ షాపు పక్కన నిలబడితే వచ్చేదే. కానీ నా ట్రేలో వస్తుందని నేను అనుకోలేదు, ఎత్తి చూడలేదు.

ఇథిలీన్ వేరు. చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. కాయ స్వయంగా పండేటప్పుడు వదిలే గ్యాసే అది. రైపెనింగ్ ఛాంబర్‌లో, అంటే కాయలు మాగేసే గదిలో, 100 పీపీఎం (గాలి పది లక్షల వంతుల్లో వంద వంతులు) వరకు వాడొచ్చు. మార్కెట్లో పొట్లాల రూపంలో దొరికేది కూడా కాయకు తగలకుండా, చిల్లులున్న డబ్బాలో పెట్టాలి. చాలామంది ట్రేలో కాయల మధ్యే పడేస్తారు. అది తప్పు. ఎథిఫాన్ అనే మాగేసే మందు కలిపిన నీళ్ళలో కాయలు ముంచి తీయడం కూడా తప్పే. చైనా పొడి అని పేరు లేని పొట్లాలు ఎవరైనా ఇస్తే తీసుకోకండి. దాని మీద కంపెనీ పేరు, లోపల ఏముందో, ఎలా వాడాలో అచ్చయి ఉండాలి. అలా లేనిది అధికారి కంటబడితే అది ఇథిలీన్ అని నిరూపించుకోవడం మన తల మీద పడుతుంది.

2025 మేలో దేశం మొత్తానికి ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రాష్ట్రాలన్నిటికీ ఒక సంగతి గట్టిగా చెప్పింది. గోడౌన్‌లో గానీ పళ్ళ పెట్టెల పక్కన గానీ కార్బైడ్ కనిపిస్తే దాన్నే సాక్ష్యంగా తీసుకుని కేసు పెట్టొచ్చని. కాబట్టి మీ కొట్టు పక్క గది వెల్డింగ్ అతనికి అద్దెకిచ్చి ఉంటే అతని డబ్బా మీ వైపు ఒక్క రాత్రి కూడా ఉండనివ్వకండి.

వాళ్ళు వచ్చిన మొదటి గంట

ముందు ఎవరు వచ్చారో తెలుసుకోండి. మునిసిపాలిటీ వాళ్ళు, విజిలెన్స్ వాళ్ళు, తూనికలు కొలతల వాళ్ళు కలిసి రావడం మామూలే. గుంపులో ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ ఎవరో మర్యాదగా అడిగి, గుర్తింపు కార్డు చూసి, పేరూ హోదా రాసుకోండి. 'సార్, మీ కార్డు ఒకసారి చూడొచ్చా' అంటే ఎవరూ కోప్పడరు. మా దగ్గరికి వచ్చినాయన అడగకముందే చూపించారు. 'కంగారు పడకండమ్మా, మీ లైసెన్సు తెచ్చి చూపించండి' అన్నారు. లైసెన్సు కొట్టులో తగిలించి లేదు, ఇంట్లో బీరువాలో ఉంది. మా అబ్బాయి వెళ్ళి తెచ్చేసరికి అరగంట. చిన్న విషయమే గానీ అప్పటికే పేరు పడిపోతుంది.

షట్టర్ దించేయడం, వెనక దారిన సరుకు తోలేయడం, హమాలీల్ని కేకలేసి పోగు చేయడం, ఇవేవీ చేయొద్దు. అధికారిని అడ్డుకోవడం విడిగా ఒక నేరం. డబ్బిచ్చి బయటపడదామనే ఆలోచన కూడా పెట్టుకోకండి. ఎవరైనా వాళ్ళంతట వాళ్ళు డబ్బడిగితే ఏసీబీ టోల్‌ఫ్రీ నంబరు 1064 ఉంది.

ఇక లెక్క. నేను చేసిన అతి పెద్ద తప్పు ఇక్కడే జరిగింది. 'ఎన్ని ట్రేలుంటాయమ్మా' అని అడిగితే, టెన్షన్‌లో 'నలభై ఉంటాయి సార్' అన్నాను. కాగితం మీద 'సుమారు 40 ట్రేలు' అని రాశారు. చదవకుండా సంతకం పెట్టాను. సరుకు మా వెనక గదిలోనే పెట్టి తలుపుకి సీలు వేసి వెళ్ళారు. మూడో రోజు తీసి లెక్కపెడితే 38 ఉన్నాయి. రెండు ట్రేలేమయ్యాయి? సీజ్ చేసిన సరుకును అనుమతి లేకుండా తీసినా, మార్చినా 60వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా ఉంది. సీలు చెక్కుచెదరలేదని అందరికీ కనిపిస్తూనే ఉంది, అయినా నా కాళ్ళు వణికాయి. చివరికి లారీ డ్రైవర్ రాత్రి ఇచ్చిన తెల్ల చీటీ గల్లాపెట్టెలో దొరికింది. దాని మీద 38 అని అంకె ఉంది. దాంతో అక్కడికి ఆగింది.

అందుకే చెబుతున్నాను, 'సుమారు' అనే మాట రాయనివ్వకండి. అధికారి ఎదుటే ట్రేలు లెక్కపెట్టించండి. కాటా మీద పెట్టించండి. ఖాళీ ట్రే బరువు తీసేసి నికరం ఎంతో రాయించండి. రకం పేరు రాయించండి. బంగినపల్లి, రసాలు, తోతాపురి అన్నీ కలిపి 'మామిడి' అని రాస్తే విలువ లెక్క తేడా వస్తుంది. మొత్తం సరుకులో ఎన్ని ట్రేలలో పొట్లాలు దొరికాయో విడిగా రాయించండి. మా దాంట్లో అన్నిట్లోనూ దొరకలేదు, ఆ సంగతి మొదటి కాగితంలో లేదు. వేరే లోడుకి చెందిన సరుకు పక్కనే ఉంటే, దానికి బిల్లుంటే, అది వేరని అప్పుడే చెప్పి రాయించుకోండి. సాక్షిగా పక్క కొట్టు ఆయన్ని పిలవండి. ఒక ప్రతి మీ చేతికి ఇచ్చేదాకా సంతకం ఆపండి. ఒప్పుకోని మాట అందులో ఉంటే సంతకం మానేయడం కంటే, సంతకం పక్కన 'ఫలానా విషయం ఒప్పుకోవడం లేదు' అని మన చేత్తో తెలుగులో రాసి పెట్టడం మేలు అని మా లాయరు గారు చెప్పారు.

శాంపిల్ కట్టేటప్పుడు కళ్ళు అక్కడే పెట్టండి

కేసు నిలబడేదీ వీగిపోయేదీ చాలాసార్లు ఈ పావుగంటలోనే. శాంపిల్ పరీక్షకి పంపుతున్నట్టు ముందు మనకి రాతలో నోటీసు ఇవ్వాలి. దాన్ని ఫారం 5-ఏ అంటారు. శాంపిల్‌కి మనం మామూలుగా అమ్మే రేటు ప్రకారం డబ్బు కూడా ఇస్తారు. 'ఈ నాలుగు కాయలకి డబ్బులెందుకులెండి సార్' అని మొహమాటపడకండి. తీసుకుని రసీదు రాసివ్వండి. ఏ సరుకులోంచి, ఏ తేదీన, ఎంత తీసుకున్నారో చెప్పే కాగితం అది.

శాంపిల్‌ని నాలుగు భాగాలు చేయాలి. ఒక్కొక్క భాగాన్ని గట్టి కాగితంలో చుట్టి, చివరలు లోపలికి మడిచి అంటిస్తారు. పురికొసతో కట్టి, ముడుల మీద లక్క కరిగించి ముద్ర వేస్తారు. ముద్రలు నాలుగుండాలి. పైన ఒకటి, అడుగున ఒకటి, ఒంటి మీద రెండు. డెసిగ్నేటెడ్ ఆఫీసర్ సంతకం, కోడ్ నంబరు ఉన్న చీటీ ఒకటి కింద నుంచి పైదాకా చుట్టూ తిరిగేలా అంటిస్తారు. మన సంతకం గానీ వేలిముద్ర గానీ సగం ఆ చీటీ మీద, సగం చుట్టిన కాగితం మీద పడాలి. ఎవరైనా చీటీ ఊడదీసి మారిస్తే ఆ సంతకం రెండు ముక్కలు కలవవు. ఎంత బాగా ఆలోచించారో అనిపించింది నాకు. మీరు పెట్టేటప్పుడు అంచు మీద పడేలా చూసుకుని పెట్టండి. నా మొదటి సంతకం పూర్తిగా చీటీ మీదే పడింది. ఆ అధికారే చూసి, ఆ చీటీ తీయించి మళ్ళీ కొత్తది అంటించి పెట్టించారు. కోడ్ నంబరు మీ దగ్గరున్న కాగితంలో రాసుకోండి.

నాలుగు భాగాల్లో ఒకటి పరీక్ష చేసే ప్రభుత్వ ఫుడ్ ఎనలిస్టుకి పోతుంది. రెండు డెసిగ్నేటెడ్ ఆఫీసర్ దగ్గర భద్రంగా ఉంటాయి. నాలుగోది మన హక్కు. మనం అడిగితే దాన్ని గుర్తింపు ఉన్న మరో ల్యాబ్‌కి పంపాలి. ఖర్చు మనదే. ఈ సంగతి చాలామందికి తెలియదు, నాకూ తెలియదు. అక్కడికక్కడే 'నాలుగో భాగం పంపండి' అని రాతలో అడగాలి. రెండు ల్యాబ్‌ల రిపోర్టులు తేడా వస్తే డెసిగ్నేటెడ్ ఆఫీసర్ తన దగ్గరున్న భాగం ఒకటి రిఫరల్ ల్యాబ్‌కి, అంటే తేడా తేల్చే పై ల్యాబ్‌కి పంపుతారు. ఆ మాటే ఆఖరు.

మనది పండు కాబట్టి ఆలస్యం పనికిరాదు. మే నెల ఎండలో మాగిన కాయ కాగితంలో ఎన్నాళ్ళుంటుంది? ఆ రోజే పంపే ఏర్పాటు చేయించమని, చల్లటి పెట్టెలో పంపమని అడగండి. అడిగిన సంగతి కూడా రాతలో పెట్టండి.

సరుకు నిజంగా మంచిదని మీ మనసుకి తెలిస్తే నాలుగో భాగానికి డబ్బు పెట్టండి. తెలియకపోతే ముందు అధికారి ఎదుటే ట్రేలన్నీ తిప్పి చూడండి.

రిపోర్టు వచ్చేలోగా కాయ కుళ్ళిపోతే

పళ్ళ వ్యాపారికి అసలు దెబ్బ ఇక్కడ. ఎనలిస్టు రిపోర్టుకి చట్టం ఇచ్చిన గడువు 14 రోజులు. మాగిన బంగినపల్లి అయిదు రోజులు నిలిస్తే గొప్ప. కాబట్టి సీజ్ అయిన పండు తిరిగొచ్చి అమ్ముడవుతుందని ఆశ పెట్టుకోకండి. పచ్చికాయగా ఉండగా సీజ్ అయితే మాత్రం సరుకును మీ దగ్గరే భద్రంగా ఉంచమని అడగొచ్చు. దాని విలువకి సమానంగా బాండ్, పూచీకత్తు అడుగుతారు. బాండ్ రాస్తే ఆ సరుకు మీ గదిలో ఉన్నా మీది కాదనే అనుకోవాలి. ఎలుక కొట్టినా, వాన నీరు దిగినా వెంటనే ఫోన్ చేసి, ఒక కాగితం కూడా ఇవ్వండి. కుళ్ళినవి ఏరేద్దామని సీలు తీయకండి.

కాయ పాడై మనుషులు తినడానికి పనికిరాకుండా పోతే అధికారి దాన్ని నాశనం చేయించొచ్చు. అయితే దానికి ముందు మనకి రాతలో నోటీసివ్వాలి. మాకు రెండో రోజు సాయంత్రం ఇచ్చారు. మూడో రోజు పొద్దున్నే ట్రాక్టర్ తెచ్చారు. అప్పుడు మాత్రం బుద్ధి వచ్చి, ప్రతి ట్రే మా కాటా మీద పెట్టించాను. నికరం 752 కిలోలు తేలింది. ఆ అంకె నాశనం చేసినట్టు రాసిన పంచనామాలో ఉంది, నా సంతకం దాని కింద ఉంది.

నేను ట్రాక్టర్ వెనకే వెళ్ళాను. మీరూ వెళ్ళండి. చూడబుద్ధి కాదు, అయినా వెళ్ళండి. మునిసిపాలిటీ చెత్త యార్డులో జేసీబీతో గొయ్యి తీశారు. కాయలు ఒంపుతుంటే పసుపు కొండలా పడ్డాయి. పైన బ్లీచింగ్ చల్లి, జేసీబీ బకెట్‌తో తొక్కించి, మట్టి కప్పారు. పక్కన చెత్త ఏరుకునే ఇద్దరు పిల్లలు నిలబడి చూస్తున్నారు. ఒకడు పరుగెత్తి గట్టు మీద దొర్లిన కాయ తీసుకోబోతే వద్దు నాన్నా అని లాక్కుని నేనే గొయ్యిలో వేశాను. ట్రేలు ఖాళీవి మనకి తిరిగి ఇచ్చారో లేదో కూడా రాయించుకోవాలి. నాకు 38 ఖాళీ ట్రేలు తిరిగొచ్చాయి, అది కూడా పంచనామాలో ఉంది. కాయలు ఒంపిన చోటు ఫొటోలు మన ఫోన్‌లో తీసుకోవడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

రిపోర్టు తర్వాత

రిపోర్టు ప్రతి మన చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు డెసిగ్నేటెడ్ ఆఫీసర్‌కి అప్పీలు పెట్టుకోవచ్చు. ఫారం 8లో పెట్టాలి. కవరు అందిన తేదీ కవరు మీదే రాసి, కవరు కూడా దాచండి.

ప్రాణానికి హాని చేసే ఆహారమని తేలితే వ్యవహారం క్రిమినల్ కోర్టుకి పోతుంది. నాసిరకం, తప్పుడు లేబుల్, నిబంధన ఉల్లంఘన లాంటివి న్యాయ నిర్ణయ అధికారి ముందుకొస్తాయి. ఆంధ్రలో జాయింట్ కలెక్టర్ గారు, తెలంగాణలో అదనపు కలెక్టర్ గారు ఆ పని చూస్తారు. మాది జేసీ కోర్టుకి వచ్చింది. జరిమానా ఎంత వేయాలో చూసేటప్పుడు కొన్ని విషయాలు లెక్కలోకి తీసుకోవాలని 49వ సెక్షన్ చెబుతుంది. ఎంత లాభపడ్డారు, ఎవరికి నష్టం జరిగింది, మళ్ళీ మళ్ళీ చేస్తున్నారా, తెలియక జరిగిందా అని. 'తెలియదు సార్' అంటే సరిపోదు, తెలియదని చూపించే కాగితం కావాలి.

నా దగ్గర ఆ కాగితం లేదు. ఉన్నది తెల్ల చీటీ. దాని మీద 38 అన్న అంకె, రేటు, తేదీ. హోల్‌సేల్ వ్యాపారి పేరు లేదు, లైసెన్సు నంబరు లేదు, సంతకం లేదు. పదేళ్ళుగా అతని దగ్గరే కొంటున్నాం, బిల్లు అడగడం అవమానించినట్టుంటుందని అడగలేదు. ఫోన్ చేస్తే 'ఆ లోడు నాది కాదక్కా' అన్నాడు. అంతే. జరిమానా 25,000 మేమే కట్టాం. సరుకు డబ్బు అంతకుముందే పోయింది.

చట్టం ప్రకారం అమ్మినవాడిచ్చిన బిల్లే సరుకు నాణ్యతకి హామీపత్రంతో సమానం. బిల్లు ఉండి ఉంటే వేలు అతని వైపు తిరిగేది. ఫుడ్ లైసెన్సు 14 అంకెల నంబరు బిల్లు మీద వేయడం 2022 జనవరి నుంచి తప్పనిసరి. మీకు బిల్లు ఇవ్వనంటే అడిగే హక్కు మీకుంది. ఆ నంబరు ఫోస్కోస్ అనే ఫుడ్ లైసెన్సుల ప్రభుత్వ వెబ్‌సైట్‌లో కొట్టి చూస్తే నిజమైనదో కాదో ఒక నిమిషంలో తెలిసిపోతుంది.

అధికారి కావాలని, ఏ కారణమూ లేకుండా సీజ్ చేశారని మీకు గట్టి ఆధారం ఉంటే 39వ సెక్షన్ ఉంది. ఆయనకి లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు. కానీ ఫిర్యాదు అబద్ధమని తేలితే 50,000 నుంచి లక్ష దాకా మనకే పడుతుంది. కోపంలో ఆ పని చేయకండి.

కొనుక్కునేవాళ్ళకి కూడా ఒక మాట. మీరు కొన్న పండు మీద అనుమానం వస్తే ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టు దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు. కాకపోతే కొనేటప్పుడే పరీక్షకి ఇస్తున్నానని కొట్టువాడికి చెప్పాలి. నా కొట్టులో ఎవరైనా అలా చెబితే నేనే సంచి తెచ్చి కట్టిస్తాను.

ఇప్పుడు మేము చేస్తున్నది

లోడు రాత్రి ఎంత పొద్దుపోయి దిగినా దించేటప్పుడే ప్రతి అయిదో ట్రే పూర్తిగా బోర్లించి చూస్తాం. అడుగు పేపరు ఎత్తుతాం, ముక్కు దగ్గర పెట్టుకుంటాం. పొట్లం కనిపిస్తే డ్రైవర్ ఎదుటే ఫొటో తీసి, మొత్తం లోడు అదే లారీలో తిప్పి పంపేస్తాం. పోయినేడాది రెండుసార్లు పంపాం. హమాలీలకి మొదట్లో విసుగొచ్చేది, ట్రేకి రెండు రూపాయలు అదనంగా ఇస్తున్నాం. ఇప్పుడు వాళ్ళే 'అక్కా, ఇది వాసన తేడాగా ఉంది' అని పిలుస్తున్నారు.

పచ్చికాయ కొని మాగేయాల్సి వస్తే దగ్గర్లో ఉన్న ఇథిలీన్ ఛాంబర్‌కి పంపి, వాళ్ళ దగ్గర రసీదు తీసుకుంటాం. కొంచెం కాయే అయితే పాత పద్ధతిలో వరిగడ్డిలో వేస్తాం. ముదిరిన కాయ అయితే గడ్డిలో నాలుగైదు రోజుల్లో దానంతటదే పండుతుంది. లేత కాయ ఎందులో వేసినా రుచి రాదు. ఏప్రిల్ మొదట్లో రేటు కోసం లేత కాయ కోసినవాళ్ళ దగ్గర కొనడం మానేశాం. కార్బైడ్ అవసరం పుట్టేదే అక్కడ.

గల్లాపెట్టె పక్కన ఒక నోటు పుస్తకం ఉంది. తేదీ, ఎవరి దగ్గర కొన్నాం, వాళ్ళ లైసెన్సు నంబరు, లారీ నంబరు, రకం, ట్రేలు, నికర బరువు, ఎన్ని ట్రేలు బోర్లించి చూశాం, ఎవరు చూశారు. ఆఖరి గడిలో చూసినవాళ్ళ సంతకం. చదువు రాని హమాలీ అయితే వేలిముద్ర. బిల్లు ఆ పేజీకే పిన్ను చేస్తాం. మా లైసెన్సు ఇప్పుడు ఫ్రేము కట్టించి తక్కెడ పైన గోడకి తగిలించాం.